మిర్చి లాట్లతో సార్టింగ్: వస్తువుల జాబితాను ఒక్క ఫీల్డును బట్టి వరసలో పెట్టే విధానం

గుంటూరు మిర్చి యార్డులోని ఒక కమీషన్ కొట్టుకు లెక్కల ప్రోగ్రాం రాసిచ్చి, కొన్ని సీజన్లుగా దాని బాగోగులు నేనే చూసుకుంటున్నాను. ఫిబ్రవరి నుంచి మే దాకా టిక్కీలు (మిర్చి బస్తాలు) పోటెత్తే రోజుల్లో ఆ కొట్టు నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే కోరిక గురించి ఉంటాయి. ఈ రోజు లాట్లన్నీ ధర వరసలో కావాలంటారు. మరునాడు రకం వరసలో కావాలంటారు, ఆ మర్నాడు రైతు ఊరి వరసలో. మొదట్లో వీటిని మూడు వేర్వేరు పనులనుకుని మూడు వేర్వేరు ఫంక్షన్లు రాశాను. కొన్నాళ్లకు గాని తెలియలేదు, మూడూ ఒకే పని అని. జాబితాను వరసలో పెట్టే పనిని ఏ ప్రోగ్రామింగ్ భాషైనా తనంతట తానే చేసిపెడుతుంది. దేన్ని చూసి వరస పెట్టాలో, ఆ చూసే విలువ ఏ జాతిదో చెప్పడం ఒక్కటే మనకు మిగిలే పని. తప్పులు దాదాపు అన్నీ ఆ చెప్పడంలోనే జరుగుతాయి కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ఉదాహరణలు పైథాన్‌లో ఇస్తున్నాను. పైథాన్ 3వ వెర్షన్ నుంచి వేరియబుళ్లకు, ఫీల్డులకు తెలుగు పేర్లు పెట్టుకునే వీలుంది కనుక కింద కనిపించే లాటు, ధర, రకం వంటి పేర్లు నిజంగా నడిచేవే. సార్టెడ్, కీ, లాంబ్డా వంటి భాష సొంత మాటలను మాత్రం ఎడిటర్‌లో ఇంగ్లిష్ అక్షరాలతోనే టైపు చేయాలి. చదవడానికి వీలుగా ఇక్కడ వాటిని పలికినట్టే తెలుగులో రాశాను.

చేతిలో ఉన్న జాబితా

ఒక్కో లాటుకు నంబరు, రకం, ఊరు, టిక్కీల సంఖ్య, క్వింటా ధర అనే ఐదు ఫీల్డులు ఉన్నాయనుకుందాం. లాటు అనే క్లాసు ఒకటి రాసుకుని, దానితో తయారు చేసిన ఐదు వస్తువులను ఒక లిస్టులో వేస్తే ఇలా ఉంటుంది. ధరలు ఉదాహరణకు వేసినవే గాని ఏ ఒక్క రోజు మార్కెట్టువీ కావు.

లాట్లు = [
లాటు(101, "తేజ", "ఫిరంగిపురం", 42, 14200),
లాటు(102, "334", "పెదనందిపాడు", 18, 12500),
లాటు(103, "తేజ", "మేడికొండూరు", 30, 13800),
లాటు(104, "తాలు", "ఫిరంగిపురం", 12, 7600),
లాటు(105, "334", "ప్రత్తిపాడు", 25, 12500)
]

దీన్ని ఏ వివరమూ చెప్పకుండా సార్టెడ్ ఫంక్షన్‌కు ఇస్తే పైథాన్ టైప్ ఎర్రర్ చూపి ఆగిపోతుంది. ఒక లాటు మరో లాటు కంటే తక్కువదా అన్న ప్రశ్నకు తన దగ్గర జవాబు లేదని దాని అర్థం. అది సబబే. కొట్టులో కొత్తగా చేరిన కుర్రాడి చేతిలో పట్టీల కట్ట పెట్టి "వరసగా సర్దు" అంటే, అతడు కూడా "దేని వరసలోనండీ?" అనే అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే చోటే కీ అనే ఆర్గ్యుమెంటు.

ధర_వరస = సార్టెడ్(లాట్లు, కీ=లాంబ్డా ల: ల.ధర)

లాంబ్డా అంటే పేరు పెట్టకుండా అక్కడికక్కడ రాసుకునే చిన్న ఫంక్షన్. "ల అనే లాటును నాకు ఇవ్వు, దాని ధర తీసి నీకు ఇస్తాను" అని అది చెబుతోంది. సార్టెడ్ ఒక్కొక్క లాటునూ ఆ ఫంక్షన్‌కు చూపించి, వచ్చిన ధరను పక్కన రాసుకుని, ఆ ధరలను పోల్చి, లాట్లను సర్దుతుంది. ఫలితంలో 104, 102, 105, 103, 101 అన్న క్రమం వస్తుంది. ఎక్కువ ధర పైన కావాలంటే అదే కోడు లైనులో, బ్రాకెట్ లోపల, రివర్స్=ట్రూ అని చేర్చాలి; అప్పుడు 101, 103, 102, 105, 104 వస్తాయి. ఇక్కడ ఒక్క క్షణం ఆగి 102, 105 లాట్లను చూడండి. రెండింటి ధరా 12500. జాబితాను తిరగేసినా ఆ రెండు మాత్రం తమలో తాము తిరగబడలేదు, మొదట వచ్చిన 102 మొదటే ఉంది. దీని సంగతి ముందు ముందు పనికొస్తుంది.

వస్తువులు క్లాసుతో చేసినవి కాక డిక్షనరీలైతే (ఒక్కో పేరుకు ఒక్కో విలువను జతచేసి దాచేవి) ల.ధర బదులు ల["ధర"] అని రాస్తే చాలు. లాంబ్డా నచ్చనివారు ఆపరేటర్ మాడ్యూల్‌లోని ఆట్రిగెటర్, ఐటెంగెటర్ వాడుకోవచ్చు. వేగంలో వాటికి కొద్దిపాటి మొగ్గు ఉన్నా, చదివేవాడికి లాంబ్డానే తేలిక అని నా అభిప్రాయం.

సార్ట్ వేరు, సార్టెడ్ వేరు

పైథాన్‌లో ఈ పనికి రెండు దారులు ఉన్నాయి. సార్టెడ్ అనే ఫంక్షన్ పాత జాబితాను ముట్టుకోకుండా కొత్త జాబితా తయారు చేసి ఇస్తుంది. లిస్టుకు ఉన్న సార్ట్ అనే మెథడ్ మాత్రం ఆ జాబితానే అక్కడికక్కడ తిరగరాసి, తిరిగి ఏమీ ఇవ్వదు. ఇంకా సరిగా చెప్పాలంటే నన్ అనే శూన్య విలువను ఇస్తుంది. ఈ తేడా నాకు తెలిసే ఉండి కూడా ఒక సాయంత్రం

లాట్లు = లాట్లు.సార్ట్(కీ=లాంబ్డా ల: ల.ధర)

అని రాసేశాను. సర్దిన జాబితా తయారైన మరుక్షణమే దాని పేరు మీదకు నన్ వచ్చి కూర్చుంది, తెర మీద ఆ రోజు లాట్లన్నీ మాయమయ్యాయి. ఫైలులో అసలు సమాచారం భద్రంగానే ఉంది గాని, ఆ సంగతి కొట్టులోని గుమాస్తాకు నమ్మకం కలిగించడానికి అరగంట పట్టింది. అప్పటి నుంచి జాబితా మరీ పెద్దదై మెమరీ సమస్య అయితే తప్ప సార్టెడ్‌నే వాడుతున్నాను. పైగా లాట్లు వచ్చిన క్రమానికి కొట్టులో విలువ ఉంది. ఎవరి సరుకు ముందు దిగింది, ఎవరిది ముందు కాటాకు వెళ్లాలి అన్నది ఆ క్రమమే చెబుతుంది. ధర వరస చూడాలనుకున్నందుకు ఆ క్రమాన్ని చెరిపేయడం మంచి పని కాదు.

ధర అంకెనా, అక్షరమా

ఇప్పుడు అసలైన చిక్కు దగ్గరికి వద్దాం. పై ఉదాహరణలో ధరలను నేను అంకెలుగా రాశాను. కొట్టు నుంచి వచ్చే ఎక్సెల్ లేదా సీఎస్‌వీ ఫైలు నుంచి చదివినప్పుడు అవి చాలాసార్లు కొటేషన్ల మధ్య ఉండే అక్షరాలుగా, అంటే స్ట్రింగులుగా వస్తాయి. చూడటానికి 7600 అనే ఉంటుంది కాబట్టి కంటికి తేడా తెలియదు. స్ట్రింగులను పోల్చేటప్పుడు యంత్రం ఎడమ నుంచి ఒక్కొక్క అక్షరాన్నే చూస్తుంది. 7600, 14200 అనే రెండింటిలో మొదటి అక్షరాలు 7, 1. ఏడు పెద్దది కనుక 7600 పెద్దదని అక్కడే తేల్చేస్తుంది, మిగతా అంకెల వైపు చూడదు.

నేను మొదటిసారి ఇచ్చిన ధరల జాబితాలో జరిగింది ఇదే. ఎక్కువ ధర పైన వచ్చేటట్టు సర్దిన కాగితం చూసి పెద్ద గుమాస్తా కళ్లజోడు పైకి తోసుకుని, "ఏం సార్, తాలు కాయ తేజ మీదకి ఎక్కిందేంటి?" అన్నాడు. రంగు పోయి తెల్లబారిన తాలు కాయ మేలైన తేజను మించి ధర పలకడం యార్డులో జరిగే పని కాదు. నాకు కోడులో కనిపించని తప్పు ఆయనకు సరుకులో కనిపించింది. ఎప్పుడైనా సార్ట్ చేసిన ఫలితాన్ని ఆ సరుకు తెలిసిన మనిషికి ఒకసారి చూపించమని నేను చెప్పేది అందుకే.

దీనికి మందు కీ లోపలే ఇంట్ అనే ఫంక్షన్‌తో అంకెగా మార్చడం. అయితే మన దగ్గర 14,200 అని కామాతో రాసే అలవాటు ఉంది, లక్ష దాటితే 1,14,200 అని రెండు కామాలు పడతాయి. కామా ఉన్న స్ట్రింగును ఇంట్ ఒప్పుకోదు, వాల్యూ ఎర్రర్ ఇస్తుంది. కాబట్టి ముందు కామాలను, అటూ ఇటూ ఉన్న ఖాళీలను తీసేసి ఆ తరువాత మార్చాలి. ఈ మార్పును సార్ట్ చేసే ప్రతిచోటా చేయడం కంటే ఫైలు చదివి వస్తువులు తయారు చేసే మొదటి మెట్టులోనే ఒక్కసారి చేసెయ్యడం మేలు. ధర అనే ఫీల్డులో ఎప్పుడూ అంకే ఉంటుందన్న భరోసా ఉంటే కీ రాసేటప్పుడు మళ్లీ అనుమానపడనక్కర లేదు.

తేదీల విషయంలోనూ ఇదే రోగం మరో రూపంలో కనిపిస్తుంది. 28-02-2024, 05-03-2024 అనే రెండు తేదీలను స్ట్రింగులుగా పోలిస్తే, సున్నాతో మొదలైన మార్చి 5 ముందు వచ్చి, ఫిబ్రవరి 28 వెనక్కి పోతుంది. మనం రోజు, నెల, సంవత్సరం అన్న క్రమంలో రాస్తాం. ఎడమ నుంచి పోల్చే యంత్రానికి సంవత్సరం, నెల, రోజు అన్న క్రమం కావాలి. డేట్‌టైం మాడ్యూల్‌తో అసలైన తేదీగా మార్చుకోవడం ఉత్తమం. కుదరనప్పుడు 2024-02-28 అన్న పద్ధతిలో దాచుకుంటే స్ట్రింగుగా ఉన్నా వరస తప్పదు.

మిర్చి రకాల పేర్లలో ఇంకో తమాషా ఉంది. తేజ, బ్యాడగి వంటివి మాటలు; లాం పరిశోధన స్థానం నుంచి వచ్చిన 334 మాత్రం పేరే అంకె. స్ప్రెడ్‌షీటు ప్రోగ్రాములు 334ను చూడగానే దాన్ని సంఖ్య అనుకుని అలాగే దాచుకుంటాయి. దాంతో రకం అనే ఒకే ఫీల్డులో కొన్ని లాట్లకు స్ట్రింగు, కొన్నింటికి సంఖ్య చేరుతాయి. రకం వరసలో సర్దబోతే అంకెకూ అక్షరానికీ మధ్య పెద్దా చిన్నా తేల్చలేనని పైథాన్ 3 మొరాయిస్తుంది. ధర విషయంలో స్ట్రింగును అంకెగా మార్చాం. ఇక్కడ అంకెను స్ట్రింగుగా మార్చాలి, ఎందుకంటే 334 అన్నది ఇక్కడ లెక్క కాదు, పేరు. దాన్ని ఎవరూ కూడరు, తీసివేయరు. ఒక ఫీల్డు ఏ జాతిదో దాని రూపాన్ని బట్టి గాక, దానితో మనం చేసే పనిని బట్టి నిర్ణయించుకోవాలి.

ధర పడని లాట్లు

ఉదయం దిగిన సరుకంతా సాయంత్రానికి అమ్ముడైపోదు. ధర కుదరక ఆగిన లాట్లు, కోల్డ్ స్టోరేజీకి వెళ్లే లాట్లు ఉంటాయి. వాటి ధర ఫీల్డులో నన్ ఉంటుంది. అలాంటిది ఒక్కటి ఉన్నా సార్టింగ్ మొత్తం ఎర్రర్‌తో ఆగిపోతుంది. ధర లేని చోట సున్నా వేసి దాటవేయడం చాలామంది చేసే పని. నేను దాన్ని ఒప్పుకోను. సున్నా ధర అంటే ఊరికే ఇచ్చినట్టు, నన్ అంటే ఇంకా తేలనట్టు. తరువాత ఎవరైనా సగటు ధర లెక్క తీస్తే ఆ సున్నాలు మొత్తం లెక్కను కిందికి లాగేస్తాయి.

దీనికి చక్కని పద్ధతి కీ నుంచి ఒక్క విలువ గాక రెండు విలువల జంటను, అంటే టపుల్‌ను ఇవ్వడం.

సార్టెడ్(లాట్లు, కీ=లాంబ్డా ల: (ల.ధర ఈజ్ నన్, ల.ధర ఆర్ 0))

జంటలను పోల్చేటప్పుడు పైథాన్ ముందు మొదటి విలువలను చూస్తుంది, అవి సమానమైతేనే రెండో విలువల దగ్గరికి పోతుంది. ధర ఉన్న లాటుకు మొదటి విలువ ఫాల్స్, లేనిదానికి ట్రూ. పైథాన్‌లో ఫాల్స్ అంటే 0, ట్రూ అంటే 1 కనుక ధర ఉన్నవన్నీ ముందు, లేనివన్నీ చివర చేరతాయి. రెండో విలువలోని సున్నా కేవలం పోలిక కోసం క్షణకాలం పుట్టి పోయేది, వస్తువులోకి చేరదు. అయితే ఎక్కువ ధర పైన కావాలని దీనికి రివర్స్=ట్రూ తగిలిస్తే జంట మొత్తం తిరగబడి, ధర లేని లాట్లు జాబితా నెత్తిన కూర్చుంటాయి. అప్పుడు రివర్స్ జోలికి పోకుండా రెండో విలువకు మైనస్ గుర్తు పెట్టాలి: (ల.ధర ఈజ్ నన్, -(ల.ధర ఆర్ 0)).

సమానమైనవాటి సంగతి

102, 105 లాట్ల దగ్గర ఆగి చూడమన్నాను గదా. ధరలు సమానమైనప్పుడు అసలు జాబితాలో ముందున్నది ఫలితంలోనూ ముందే ఉండే గుణాన్ని స్టేబుల్ సార్ట్ అంటారు. పైథాన్ వాడే పద్ధతి టిమ్‌సార్ట్; దాన్ని టిమ్ పీటర్స్ 2002లో పైథాన్ కోసం రాశాడు, అది స్టేబుల్. జాబితాలో ఇప్పటికే వరసగా ఉన్న ముక్కలను గుర్తించి వాటిని కలుపుకుంటూ పోవడం దాని తీరు. అందువల్ల నిన్న సర్దిన జాబితా చివర ఈ రోజు లాట్లు నాలుగు చేర్చి మళ్లీ సార్ట్ చేసినా అది మొదటి నుంచి కష్టపడదు.

ఈ గుణం వల్ల కలిగే లాభం రెండు ఫీల్డులు వచ్చినప్పుడు తెలుస్తుంది. రకాలవారీగా విడదీసి, ఒక్కో రకంలో ఎక్కువ ధర పైన కావాలని అడిగారనుకోండి. ధర అంకె కాబట్టి కీ=లాంబ్డా ల: (ల.రకం, -ల.ధర) అని ఒక్క వరుసలో చెప్పవచ్చు, ధర లేని లాట్లను ముందుగా వేరు చేసి ఉంటే. కాని రకాన్ని ముందు నుంచి, ఊరి పేరును వెనక నుంచి అడిగితే ఊరి పేరుకు మైనస్ పెట్టలేం. అప్పుడు రెండుసార్లు సార్ట్ చేయాలి, అది కూడా తలకిందులుగా. ముందు ఊరి పేరును బట్టి రివర్స్‌లో, తరువాత రకాన్ని బట్టి మామూలుగా. రెండోసారి సర్దేటప్పుడు ఒకే రకం లాట్లు తమలో తాము చెదరవు కనుక మొదటిసారి వేసిన ఊరి వరస అలాగే నిలుస్తుంది. ముఖ్యమైన ఫీల్డును ఆఖరున సార్ట్ చేయాలన్న ఈ నియమం మొదట వింతగా తోచినా, ఐదు కాగితాలు బల్ల మీద పెట్టుకుని చేత్తో ఒకసారి చేసి చూస్తే మనసుకు ఎక్కుతుంది.

యజమాని చెప్పే వరస

కొన్ని ఫీల్డులకు అంకెల వరసా కుదరదు, అక్షరాల వరసా కుదరదు. మా కొట్టు యజమానికి కాగితంలో మొదట తేజ, తరువాత 334, 341, బ్యాడగి, అన్నిటికన్నా కింద తాలు కనిపించాలి. అక్షరక్రమంలో తాలు వచ్చి తేజకు ముందు కూర్చుంటుంది, ఆయనకు అది కంటగింపు. ఇటువంటప్పుడు వరసను మనమే ఒక డిక్షనరీగా రాసుకోవాలి.

స్థానం = {"తేజ": 1, "334": 2, "341": 3, "బ్యాడగి": 4, "తాలు": 9}
సార్టెడ్(లాట్లు, కీ=లాంబ్డా ల: స్థానం.గెట్(ల.రకం, 8))

తాలుకు 9, తెలియని రకానికి 8 ఇవ్వడం కావాలనే చేశాను. ఎవరో కొత్త రకం విత్తనం వేసి తెచ్చిన సరుకు ఏదైనా వస్తే అది తాలు కింద పడి అవమానపడకుండా, దానికి పైన నిలుస్తుంది. గెట్ బదులు నేరుగా స్థానం[ల.రకం] అని రాస్తే కొత్త రకం రాగానే ప్రోగ్రాం కీ ఎర్రర్‌తో ఆగిపోతుంది. సీజను నడిమధ్యలో అలా ఆగిపోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

ఊరి పేర్లు, తెలుగు అక్షరక్రమం

ఊరి పేరును బట్టి సర్దేటప్పుడు యంత్రం యూనికోడ్ పట్టికలో ఒక్కో అక్షరానికి ఉన్న సంఖ్యను పోలుస్తుంది. ఆ పట్టికలో తెలుగు అక్షరాలు చాలావరకు మన వర్ణమాల క్రమంలోనే ఉన్నాయి. గుణింతాలు కూడా దాదాపు మనం చదువుకున్న క్రమంలోనే వస్తాయి. పెదనందిపాడు, పొన్నూరు, ప్రత్తిపాడు అన్న మూడూ ఇదే వరసలో సర్దుకుంటాయి, ఎందుకంటే ఒత్తును పుట్టించే పొల్లు సంఖ్య గుణింతపు గుర్తులన్నిటికంటే తరువాతిది. ఇబ్బంది పెట్టేవి రెండు మూడు చోట్లు. బడిలో ఔ తరువాత అం చదువుకున్నాం, యూనికోడ్‌లో మాత్రం సున్నా ‘అ’ కంటే కూడా ముందు ఉంది. కాబట్టి మ తో మొదలయ్యే ఊళ్లలో మంగళగిరి అన్నిటికంటే పైకి పోతుంది. వర్ణమాల చివర చదువుకున్న ళ అక్షరం ల పక్కనే, వ కంటే ముందు వస్తుంది. వ్యాపారపు జాబితాకు ఇది పెద్ద నష్టమేమీ కాదు గాని, నిఘంటువు వంటి పనికి, ఒక్కో భాష అక్షరక్రమం తెలిసిన ఐసీయూ అనే ప్రోగ్రామింగ్ లైబ్రరీ సాయం తీసుకోవాలి. పైథాన్‌కు దాన్ని పైఐసీయూ అనే ప్యాకేజీ అందిస్తుంది.

నిజమైన నష్టం అక్షరక్రమం వల్ల గాక రాత వల్ల జరుగుతుంది. ఒకరు ఫిరంగిపురం అని, మరొకరు పిరంగిపురం అని కొడతారు. ప్రత్తిపాడు ఒకచోట పత్తిపాడు అవుతుంది. పేరు ముందు ఒక ఖాళీ పడితే ఆ లాటు జాబితా తలకెక్కుతుంది, ఎందుకంటే ఖాళీ సంఖ్య అన్ని అక్షరాలకంటే చిన్నది. తెలుగు కీబోర్డులు కొన్నిసార్లు కంటికి కనిపించని అతుకు తెంపే గుర్తును మాట మధ్యలో వదులుతాయి. దాంతో చూడటానికి అచ్చం ఒకేలా ఉన్న రెండు పేర్లు రెండు చోట్ల తేలుతాయి. కీ రాసేటప్పుడు కనీసం స్ట్రిప్ పిలిచి ఖాళీలను తీసేయాలి. పేర్లను టైపు చేయించడం మానేసి, సిద్ధంగా ఉన్న ఊళ్ల జాబితా నుంచి ఎంచుకోనివ్వడం అంతకంటే మంచిది.

మిగతా భాషల్లో

పద్ధతి అన్ని భాషల్లో ఒకటే అయినా ఒక్కోదానికి ఒక్కో పట్టింపు ఉంది. జావాస్క్రిప్టులో సార్ట్‌కు ఏమీ చెప్పకపోతే అంకెలను కూడా స్ట్రింగులుగా మార్చి పోలుస్తుంది, కాబట్టి మన తాలు కాయ కథ అక్కడ అసలైన అంకెలతోనే జరిగిపోతుంది. దానికి కీ గాక రెండు వస్తువులను తీసుకుని తేడా చెప్పే ఫంక్షన్ ఇవ్వాలి, ఎ.ధర - బి.ధర అన్నది అందరూ రాసేది. ధర లేని వస్తువు వస్తే ఆ తీసివేత అంకె కాని విలువను ఇస్తుంది, జావాస్క్రిప్టు దాన్ని సున్నాగా, అంటే సమానంగా భావిస్తుంది, ఎర్రర్ రాకుండానే వరస చెడుతుంది. అరిచి ఆగిపోయే పైథానే నయం. జావాస్క్రిప్టు సార్ట్ కూడా అసలు జాబితానే తిరగరాస్తుంది. పాతదాన్ని కాపాడే టుసార్టెడ్ అన్న మెథడ్ 2023 ప్రమాణంతో వచ్చింది. స్టేబుల్‌గా ఉండాలన్న నియమం 2019 ప్రమాణంలో చేరింది.

జావాలో 8వ వెర్షన్ నుంచి కంపారేటర్.కంపేరింగ్‌కు ఫీల్డును ఇచ్చే మెథడ్ చెప్పి, దాని వెనక దెన్‌కంపేరింగ్ తగిలించుకుంటూ పోవచ్చు. చదవడానికి ఇది పైథాన్ టపుల్ కంటే కూడా తేట. సీ ప్లస్ ప్లస్‌లో మామూలు సార్ట్‌కు స్టేబుల్‌గా ఉండే పూచీ లేదు, ఆ గుణం కావాలంటే స్టేబుల్_సార్ట్ పిలవాలి.

సమాచారం డేటాబేసులో ఉంటే అక్కడే ఆర్డర్ బై తో సర్దించి తెచ్చుకోవడం తెలివైన పని, ముఖ్యంగా మొదటి ఇరవై లాట్లే కావలసినప్పుడు. ఖాళీ ధరల విషయంలో మాత్రం డేటాబేసులు ఏకమాట మీద లేవు. చిన్న నుంచి పెద్దకు సర్దితే మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్ ఖాళీలను ముందు పెడతాయి, పోస్ట్‌గ్రెస్ చివర పెడుతుంది.

వేగం గురించి భయపడేవారికి ఒక మాట. లక్ష లాట్ల జాబితాను సర్దడానికి పోలికలు సుమారు 16 లక్షల దాకా పడతాయి, కాని కీ ఫంక్షన్‌ను పైథాన్ ఒక్కో లాటుకు ఒక్కసారే, అంటే లక్ష సార్లు మాత్రమే పిలుస్తుంది. కాబట్టి కీ లోపల కామాలు తీయడం, ఖాళీలు తీయడం వంటి చిన్న పనులకు వెనకాడనక్కర లేదు. కీ లోపల డేటాబేసును అడగడం, ఫైలు తెరవడం మాత్రం చేయకూడదు.

నేను సార్ట్ చేసే కోడును మార్చినప్పుడల్లా ఒక చిన్న జాబితాతో సరిచూస్తాను. అందులో ఏడు లాట్లు ఉంటాయి: ఒకటి నాలుగంకెల ధరతో, ఒకటి ఐదంకెల ధరతో, రెండు సమానమైన ధరతో, ఒకటి ధరే లేకుండా, ఒకటి అంకెగా రాసిన 334 రకంతో, ఒకటి ఊరి పేరు ముందు ఖాళీతో. పక్కపక్కన ఉన్న ప్రతి రెండింటినీ పోల్చి, ముందున్నది వెనకదాన్ని మించలేదని ఒక ఫర్ లూప్‌తో చూస్తాను, సమానమైన రెండూ వచ్చిన క్రమంలోనే ఉన్నాయో లేదో కంటితో చూస్తాను. ఆ ఏడూ సరైన చోట కూర్చున్నాకే ఆ రోజు యార్డు జాబితాను దానికి అప్పగించి, అచ్చు వేసిన కాగితాన్ని పెద్ద గుమాస్తా బల్ల మీద పెడతాను.